మంచు కూడా ఉంది

పార్సిల్ మీద నా పేరు తప్పు.
ఇష్బెల్‌ని ఇసబెల్ చేశారు.
ఇరవై ఐదేళ్ల కిందట, మొదటి విడుదల అట్ట మీదా ఇదే తప్పు.
కొన్నిటిని రీమాస్టర్ చేయరు కాబోలు.

లోపల రెండు రికార్డులు, అరచేతికి బరువు తెలిసేంత మందం.
"పేపర్ టగ్స్" అన్న అక్షరాలకు వెండి పూత.
అప్పట్లో అట్టలు మేమే మడిచాం
మోర్వెన్ వాళ్ల వంటింట్లో, గోడకాగితాల జిగురుతో.
మూడొందల కాపీలు. ఆరాక
ఒక్కటీ తిన్నగా లేదు.
ఇప్పుడా వంకర అట్ట అయిదొందల పౌండ్లట.
నా ఆఖరి కాపీని పెట్రోలు కింద జమకట్టి
పెయిస్లీ దారిలో బంకు కుర్రాడికి ఇచ్చేశాను.
వాడు దాన్ని వాసన చూశాడు.

ఒక చిన్న పుస్తకం కూడా పెట్టారు.
రాసినాయన ఆ రోజుల్లో అక్కడ లేడు.
"మంచు తుఫానులో చిక్కుకున్న నలుగురు" అంటాడు.
గ్రీనక్‌లో మంచేమిటి నాయనా,
వాన. సెప్టెంబరు వాన.
పాత చక్కెర గోదాము రేకుల మీద
నాలుగు రోజులు, రాత్రింబవళ్లు.
గోడ ముట్టుకుంటే ఇంకా జిగట,
కందిరీగలు వచ్చి నా సింబల్ మీద వాలేవి,
కొడితే లేచి, మళ్లీ అక్కడే.
గోదాము అద్దె ఇరవై పౌండ్లు లోర్న్ కట్టాడు.
మేం ఇవ్వలేదు.
రెండేళ్ల తర్వాత కార్డిఫ్‌లో వాన్ ఆపమని, దిగి,
బేస్ గిటారు భుజానేసుకుని వెళ్లిపోయింది
ఆ ఇరవై గురించే.
సంగీతం మీద అభిప్రాయభేదాలని పుస్తకంలో ఉంది.

సూది దించాను.

మొదటి పాటకు ముందు నిశ్శబ్దం.
ఇస్త్రీ చేసిన నిశ్శబ్దం, మా దగ్గర ఇలాంటిది ఎప్పుడూ లేదు.
టేపు బుస తీసేశారు.
వాన తీసేశారు.
స్ట్రువన్ ప్లగ్గు పెట్టినప్పటి టప్పు, నా స్టూలు కిర్రు,
రెండో పాట చివర ఫెర్రీ కూత —
అది సరిగ్గా శ్రుతిలో పడిందని
ఆ పూట నలుగురం గంతులేశాం —
అదీ లేదు.
ఎవరో జాగ్రత్తపరుడు, మంచి చెవులున్నవాడు,
బియ్యంలో రాళ్లేరినట్టు ఏరాడు.
పారబోసే ముందు ఆ రాళ్లు
ఒక్కసారి నాకు చూపించాల్సింది.

బాగోలేదని అనను.
మూడో పాటలో నేను తొందరపడ్డాను, అది అప్పుడే తెలుసు.
తెలియనిది ఇప్పుడు విన్నాను:
నేను తాళం తప్పిన చోట
లోర్న్ తన దారి వదిలి నా వెనకే పరిగెత్తుకొచ్చాడు,
తప్పు ఇద్దరిదీ అయ్యేలా.
ఆ నాలుగు సెకన్లు
పాతికేళ్లు బుస కింద ఉండిపోయాయి.

నా ఉద్యోగం ఇప్పుడు ఆసుపత్రిలో, చెవుల పరీక్ష.
"శబ్దం వినబడితే మీట నొక్కండి" అంటాను
ఓడలకు రివెట్లు కొట్టిన ముసలివాళ్లతో.
వినబడకపోయినా నొక్కుతారు, నా మీద మర్యాదకి.
నా ఎడమ చెవిలో హోరుంది. డాక్టరు పేరేదో చెప్పాడు.
రికార్డు అయిపోయి సూది లేచాక కూడా
అది రేకుల మీద పడుతూనే ఉంది.
దాన్ని ఏ ఇంజనీరూ ముట్టుకోలేదు.

ఇరవై పౌండ్లకు చెక్కు రాద్దామని కూర్చున్నాను.
వడ్డీ ఎంత వేయాలో తేలలేదు, వదిలేశాను.
లోర్న్ మెకాలమ్.
ఇంటిపేరులో ఎల్ ఒకటా, రెండా?
ఒకే వాన్‌లో అన్ని వేల మైళ్లు తిరిగి,
ఒకే దుప్పటి కింద వణికి,
ఇది గుర్తులేదు.
పుస్తకం తెరిచి చూశాను. రెండున్నాయి.

కానీ ఆ పుస్తకంలో
మంచు కూడా ఉంది.